గౌరవనీయులైన ‘మూడోసారి’ గారికి

అయ్యా మూడోసారి గారూ,

నమస్కారం. తమరు కులాసాగానే ఉన్నారని తలుస్తాను. వేలంపాటలో ఒకటోసారి, రెండోసారి అయ్యాక వచ్చి, ఒక్క సుత్తి దెబ్బతో వ్యవహారం తేల్చేసే పెద్దమనిషి తమరే. అందుకే ఈ ఉత్తరం పాట పాడించేవాళ్లకి కాకుండా నేరుగా తమకే రాస్తున్నాను. వాళ్లకి రాస్తే ‘టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవలేదా సార్’ అంటారు. చదివాను. ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అని ఉంది. అది బండి గురించి అనుకున్నాను. వాళ్ల పద్ధతి గురించి కూడా అని నిన్న తెలిసింది.

నిన్న మధ్యాహ్నం ఫోనొచ్చింది. “సార్, ఆ రోజు యాక్టివా పాడారు కదా, ఆన్‌లైన్ పార్టీ డ్రాప్ అయిపోయింది సార్. తర్వాత హయ్యెస్ట్ మీదే. మీ నలభై ఏడు వేలకే ఇచ్చేస్తాం, సాయంత్రంలోగా కట్టేస్తారా?” ఆ అమ్మాయి గొంతులో నాకేదో లాటరీ తగిలినంత సంబరం.

ఆ ఆన్‌లైన్ పార్టీ గురించే తమతో నాలుగు ముక్కలు మాట్లాడాలి.

ఎనికేపాడు దాటాక ఆ రేకుల షెడ్డు తమకు తెలిసిందే. కిస్తీలు కట్టలేదని ఫైనాన్సువాళ్లు ఎత్తుకొచ్చిన బండ్లు, రోహిణీ కార్తె ఎండ, వందమందికి రెండు ఫ్యాన్లు. పదిహేను వేల దగ్గర పాట మొదలెట్టారు. నాకు పోటీగా నిలబడింది ఆటోనగర్ మెకానిక్ ఒకాయన. బండి కింద పడుకుని చూశాడు, ఆయిల్ పుల్ల తీసి వాసన చూశాడు, గడ్డం పైకెత్తి పాట పెంచుతూ వచ్చాడు. ముప్పై నాలుగు వేల దగ్గర ‘ఇక చాలు’ అనుకున్నాడేమో, చేతులు దులుపుకుని నిమ్మసోడా తాగడానికి బయటికి వెళ్లిపోయాడు. నేను ముప్పై అయిదు అన్నాను. ఒకటోసారి. రెండోసారి. మర్యాదగా అయితే తమరు అక్కడ రావాలి.

రాలేదు. పాట పాడించేవాడు పక్కనున్న లాప్‌టాప్ కుర్రాడి వంక చూశాడు. “ఆన్‌లైన్‌లో ముప్పై ఆరు!”

ఎవరో మహానుభావుడు. ముప్పై నాలుగు దాకా ఏ నిద్రలో ఉన్నాడో తెలియదు. మెకానిక్ ఉన్నంతసేపు నోరు మెదపలేదు. మెకానిక్‌కి బండి విలువ తెలుసు, నాకు తెలిసింది నా అవసరం ఒక్కటే. పాటకి ముందు నేను వీడియో కాల్‌లో మా అమ్మాయికి బండి చుట్టూ తిప్పి చూపిస్తుంటే, అది ‘నాన్నా, ఇదే తీస్కో నాన్నా’ అని ఎగిరి గంతేస్తుంటే, ఆ లాప్‌టాప్ కుర్రాడు నా భుజం వెనకే ఉన్నాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. వరసగా చెబుతున్నానంతే.

నేను ముప్పై ఏడు. ఆయన ముప్పై ఎనిమిది. నేను ఆలోచించుకోవడానికి నిమిషం పడుతోంది, ఆయనకి రెప్పపాటు కూడా పట్టడం లేదు. నేను నలభై ఒకటి అనేసరికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది, గోడకున్న రౌటర్ మీద ఆకుపచ్చ దీపాలన్నీ ఆరిపోయాయి. నేను ఆ దీపాల వంకే చూస్తున్నాను. మైకు లేకుండానే కేక వినిపించింది: “ఆన్‌లైన్‌లో నలభై రెండు!”

అడిగాను. “ఫోన్ హాట్‌స్పాట్ సార్” అన్నారు. ఆ కుర్రాడు అదే ఫోన్ చెవికి పెట్టుకుని ‘రెండు బిర్యానీ, ఒకటి జాయింట్’ అని ఆర్డర్ చెబుతున్నాడు. సరే, టెక్నాలజీ మీద నాకు గౌరవముంది.

నలభై ఏడు దాకా లాక్కొచ్చారు. ఆయన నలభై ఎనిమిది. నేను ఆగిపోయాను. అప్పుడు తమరు వచ్చిన తీరు ఉంది చూశారూ! “రెండోసారి... సార్ చూస్కోండి, ఈ కండిషన్‌లో మళ్లీ దొరకదు... రెండోసారి... ఒక్క అయిదొందలు సార్... రెండోసారి...” నేను కదల్లేదు. చివరికి తమరు గొంతులోంచి ఈడ్చుకుంటూ వచ్చారు. బండి మంచి ధరకి అమ్ముడుపోయిందంటే అమ్మినవాడి మొహం వెలగాలి కదా? ఆ ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే, బండి పోయినందుకు కాదు.

తమరు అన్నిచోట్లా ఇలాగే నడుస్తారా అంటే, లేదు. పొగాకు వేలంలో రైతు బేలు, అంటే పొగాకు కట్ట, దగ్గర తమరు పరిగెత్తుకుంటూ వస్తారు. కొనేవాళ్లు బేలు దాటి వెళ్లిపోతే ‘నో బిడ్’, అంతే, రైతు మళ్లీ బండి కట్టుకోవాలి. పొగాకు బోర్డు పెద్దాఫీసు మన గుంటూరులోనే ఉంది, ఆ గోల తమకు కొత్తేం కాదు. మార్కెట్ షాపుల పాటా, చెరువు చేపల పాటా అయితే టీ చల్లారకముందే వచ్చేస్తారు. బయట పాటదారులకి ‘గుడ్‌విల్’ కవర్లు ముందే అందుంటాయి కాబట్టి లోపల పెద్దగా పాడాల్సిన పని ఉండదు. చీటీ పాట సంగతి ఎత్తను, అక్కడి డమ్మీ పాటదారుల హుషారు అందరికీ తెలుసు. మా వీధి వినాయకుడి లడ్డూ పాట ఒక్కటే నాకు నచ్చుతుంది. పాట పెంచుతున్నది కమిటీ ప్రెసిడెంటు బావమరిదే అని చిన్నపిల్లలకి కూడా తెలుసు, మాకు తెలుసని అతనికీ తెలుసు, అందరం కలిసి ఈలలు వేస్తాం. అది మోసం కాదు, మా వీధి నాటకం.

అసలు సంగతికి వస్తాను. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలో 64వ సెక్షన్ మొత్తం మీ గురించే. సుత్తి పడేదాకా పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. పడిందంటే అమ్మకం అయిపోయినట్టే. మరి సుత్తి పడ్డాక ఆ పార్టీ ‘డ్రాప్’ ఎలా అయ్యాడు? అయ్యాడే అనుకుందాం. పాడాలంటే ఎవరైనా పదివేలు డిపాజిట్ కట్టాలన్నారు. “ఆయన డిపాజిట్ జప్తు చేశారా అమ్మా?” అని అడిగాను. ఫోన్‌లో కాసేపు ఫ్యాన్ చప్పుడు వినిపించింది. “పైవాళ్లని కనుక్కుని చెప్తాను సార్” అంది. నా డిపాజిట్ మాత్రం ఇంకా ‘ప్రాసెస్‌లో ఉంది’.

అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. నేను కూడా పాడతాను అని అమ్మేవాడు ముందే చెప్పకపోతే, తాను పాడకూడదు, తన తరఫున ఎవరినీ పెట్టి పాడించకూడదు. ఉత్తుత్తి పాటతో ధర పెంచితే కొన్నవాడు అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. ఇంతకు తక్కువ ఇవ్వం అని ముందే ప్రకటించుకునే హక్కు కూడా అందులోనే ఇచ్చారు. నలభై అయిదు కావాలంటే నలభై అయిదని బోర్డు రాయొచ్చు, ఎవరు కాదన్నారు? రాయరు. రాస్తే ఆ ఎండలో వందమంది రారు. పదిహేను వేలని రాస్తే వస్తారు. తాకట్టు బంగారం వేలంలో అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ తానే పాడకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది, ఇంగ్లండ్‌లో 2010లో ఒకాయన ఈబేలో తన మినీబస్సుకి ఇంకో పేరుతో తానే పాట పెంచినందుకు కోర్టు 250 గంటల సమాజసేవ చేయించింది. ఇక్కడ ఆ ఇంకో పేరు కూడా అక్కర్లేదు. ‘ఆన్‌లైన్‌లో’ అంటే చాలు.

ఇక మర్యాదలు చాలు, మూడోసారీ. నువ్వే లెక్క చెప్పు.

ఆ పార్టీ లేడు, డ్రాప్ అయిపోయాడు అంటున్నారు. మంచిది. లేనివాడు పాడిన ముప్పై ఆరు కూడా లేనట్టే. ముప్పై ఎనిమిదీ లేదు. కరెంటు లేనప్పుడు పాడిన నలభై రెండూ లేదు. ఒక్కో మెట్టూ తీసేసుకుంటూ వస్తే మిగిలేది ఆ మెకానిక్ ముప్పై నాలుగు, దాని మీద నా ముప్పై అయిదు. మనిషి మాయమై, వాడు పెంచిన పన్నెండు వేలు మాత్రం నా నెత్తిన ఎలా మిగిలిపోతాయి? నేను ఎవరితో పోటీపడ్డాను? నాతోనే పాడించి, నా పాటనే నాతో దాటించి, దాన్ని ‘మీ పాటకే ఇస్తున్నాం’ అంటే, అది నాకు చేస్తున్న ఉపకారమా? సిగ్గుండక్కర్లా? పైగా సాయంత్రంలోగా కట్టాలట! దానిపైన సర్వీస్ చార్జీ, సర్వీస్ చార్జీ మీద జీఎస్టీ, వాళ్లే ఎత్తుకొచ్చి వాళ్ల యార్డులోనే పెట్టుకున్న బండికి పార్కింగ్ చార్జీ, పాత ఓనరు హెల్మెట్ లేకుండా తిరిగిన చలాన్లు, అన్నీ నావే.

నువ్వు అలా రెండోసారి పక్కన నక్కి, లాప్‌టాప్ వంక చూసి సైగ వచ్చేదాకా కదలకపోబట్టే ఇదంతా.

ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పిందే నీకూ రాస్తున్నాను. రెండే దారులు. ఆ ఆన్‌లైన్ పార్టీ నిజంగా ఉంటే, ఆయన డిపాజిట్ జప్తు చేసిన రసీదు చూపించండి. పేరు అక్కర్లేదు, కొట్టేసి చూపించండి. చూసిన గంటలో నలభై ఏడూ కట్టి, నోరు మూసుకుని బండి తోలుకుపోతాను. రసీదు లేదంటే ముప్పై అయిదుకి ఖరారు చేసి, ఆర్సీ, ఎన్ఓసీ, రెండు తాళాలూ ఇవ్వండి. మా అమ్మాయికి జూలైలో కాలేజీ. అంతవరకు ఆగుతాను, ఈలోగా నా పదివేలు ఖాతాలో పడకపోతే వినియోగదారుల కమిషన్‌లో కాగితం పెడతాను.

ఇట్లు,
19వ నంబరు అట్ట ఎత్తినవాడు,
విజయవాడ