నాలుగు గంటలకు పూయని మొక్క

మా అపార్ట్‌మెంటు ప్రహరీని ఆనుకొని ఒక ఖాళీ ప్లాటు ఉంది. దాని ఓనరు బెంగళూరులో ఉంటాడు. రేటు పెరిగినప్పుడల్లా వచ్చి, రాళ్ళు నాటిన చోటే ఉన్నాయో లేదో చూసుకొని, కొండకు నమస్కారం పెట్టి వెళ్ళిపోతాడు. తిరుపతిలో ఖాళీ ప్లాటుకి ఇంతకు మించి జీవితం ఉండదు. కానీ తొలకరి పడ్డాక ఆ ఎర్రమట్టిలో, గులకరాళ్ళ సందుల్లో నీలి చుక్కలు కనబడ్డాయి. ఆ సంగతి మా సంఘం దృష్టికి వచ్చింది. సంఘం దృష్టికి ఒకటి వస్తే దాని గతి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు, మీకూ ఒక సంఘం ఉండే ఉంటుంది.

మర్నాడు నోటీసు బోర్డు మీద ‘గుర్తుతెలియని నీలి మొక్క’ అని పడింది. రైలు పట్టాల పక్కన దొరికిన వాళ్ళ గురించి పేపర్లో వేసే మాటలే.

అది విష్ణుక్రాంత. ఈ ముక్క నేను గ్రూపులో రాశాను. రాసిన రెండో నిమిషంలో దాని మీద పద్దెనిమిది గుడ్ మార్నింగులు పడి, అది కనబడకుండా పోయింది. తరువాత మేధావులు దిగారు. మూడో అంతస్తు రాజస్థానీ ఆయన ఇది శంఖపుష్పి అన్నాడు. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు, ఆయన వైపు ఆ పేరుతో వాడే మొక్క ఇంకొకటి, తెల్లగా పూస్తుంది, దీనికి దగ్గరి చుట్టమే. రిటైర్డు తాసిల్దారు గారు శంఖపుష్పి అంటే మన శంఖుపూల తీగే కదా, నీలం టీ కాచుకుంటారే అది, అని తీర్పిచ్చి, ఉదయం టీలో ఎన్ని వేయాలని అడిగారు. అది చిక్కుడు కుటుంబం తీగండీ, గోడెక్కుతుంది, ఇది నేల విడవదు అని చెప్పబోతే, “మీరు బాటనీ చదివారా?” అన్నారు. చదవలేదు. ఆయన కూడా చదవలేదు, కానీ ఆయన తాసిల్దారు. కేరళ నుంచి వచ్చిన నర్సమ్మ మాత్రం, మా దశపుష్పాల్లో ఇదొకటి, విష్ణుక్రాంతి అంటాం అని సరిగ్గా చెప్పింది. ఆమె అద్దెకున్నది కాబట్టి అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

దీన్ని గుర్తుపట్టడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. సన్నటి కొమ్మలు నేల మీద పరుచుకొని ఉంటాయి. చిన్న ఆకుల మీద పట్టులాంటి నూగు, ఎండలో వెండిలా మెరుస్తుంది. పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది, దారంలాంటి కాడ చివర ఒంటరిగా నిలబడుతుంది. మొక్కలకు లాటిన్ పేర్లు పెట్టిన లిన్నేయస్ దీన్ని 1753లో తీగల జాతిలో వేసి, 1762లో విడిగా ఎవాల్వులస్ అనే జాతిలో పెట్టాడు. అంటే దేన్నీ చుట్టుకోనిది అని. ఇక్కడే నాకు దీని మీద జాలి కలిగింది. ఎవర్నో ఒకర్ని చుట్టుకొని సిఫారసు ఉత్తరం తెచ్చుకోకుండా పైకి పోవడం కుదరని ఈ ఊళ్ళో, దేన్నీ చుట్టుకోని మొక్క బతికి బట్టకట్టేదెట్లా?

వివాదం తేలక నిజనిర్ధారణ కమిటీ వేశారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, తాసిల్దారు గారు, టేపు ఉన్నందున ఒక రిటైర్డు సర్వేయరు. తనిఖీ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు. మధ్యాహ్నం కునుకు అయ్యాక, టీకి ముందు, దేశంలో సమస్యలన్నీ పరిష్కారమయ్యే సమయం అది.

విష్ణుక్రాంత పొద్దున ఎండ పడగానే విచ్చుకుంటుంది. మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతుంది. నాలుగింటికి దాన్ని చూడ్డానికి పోవడమంటే తెల్లారి పదింటికి సుప్రభాతం వినబోవడం. ఉదయం తొమ్మిదికి రండి మహాప్రభో అని లిఖితపూర్వకంగా విన్నవించుకున్నాను. ఆ సమయానికి కమిటీ యావత్తూ మటన్ కొట్టు దగ్గర క్యూలో ఉంటుందని మౌఖికంగా జవాబొచ్చింది.

వెళ్ళారు. సర్వేయరు గారు ప్లాటు ఒక మూల నుంచి ఇంకో మూలకు టేపు లాగి, పువ్వుకు దూరం ఎంతో కొలవబోయి, పువ్వు లేనందున ప్లాటునే కొలిచి, ఓనరు మన వైపు అర అడుగు జరిగాడని కనిపెట్టారు. కోశాధికారి ముక్కుకు కర్చీఫు కట్టుకున్నాడు, మొక్క నుంచి ఏమైనా సోకుతుందేమోనని. అధ్యక్షుడు ఫోనును మొక్కకు చూపించాడు. ముడుచుకున్న మొగ్గను చూసి ఆ యాప్ ఒక యూరప్ గడ్డి పేరు చెప్పింది, రెండోసారి చూపిస్తే పెటూనియా అంది. చివర్లో అందరూ నడుం వంచి, చూపుడువేలు నేలకు పెట్టి ఫోటో దిగారు. అధికారులు గుంత పడిన రోడ్డును పరిశీలిస్తున్నప్పుడు దిగుతారే, అట్లాగన్నమాట. ఐదు వేళ్ళూ ఏకగ్రీవంగా చూపించింది పల్లేరు మొక్కని. ఆ పల్లేరు తన వంతుగా కార్యదర్శి చెప్పులోకి దిగింది. తరువాత రెండు ఆదివారాలు కూడా నాలుగింటికే వెళ్ళారు. మసాలా వడలు, టీలు ‘తనిఖీ ఖర్చులు’ అనే పద్దు కింద నెల లెక్కల్లో ఉన్నాయి.

నివేదిక ఇది: “స్థలమునకు వెళ్ళి మూడు పర్యాయములు పరిశీలించగా పుష్పములు ఏవియు కానరాలేదు. నీలి పుష్పములనునవి పుకార్లుగా భావించడమైనది. కావున సదరు మొక్కను కలుపుగా తీర్మానించడమైనది.”

బుధవారం గడ్డిమందు కొట్టించారు. మన ప్లాటు కాదు కదా అన్నాను. దోమలు మనవే కదా అన్నారు.

కలుపు పోయాక కాంప్లెక్సు బోసిపోయిందని గ్రహించి, లాబీలో పచ్చదనం కోసం ఆన్‌లైన్‌లో ఒక కుండీ తెప్పించారు. మూడు వందల నలభై తొమ్మిది, డెలివరీ అదనం. చీటీ మీద ‘అరుదైన ఔషధ మొక్క - విష్ణుక్రాంత’.

వచ్చింది బ్రెజిల్ మొక్క. బ్లూ డేజ్ అంటారు. ఎవాల్వులస్ జాతిదే, మన దానికి దాయాది. పూలు పెద్దవి, కొమ్మ చివర ఆకుల్లో గుంపుగా కూర్చుంటాయి. అందంగానే ఉంటుంది, దాన్ని అననక్కర్లేదు. కానీ దానికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఎండ చొరని లాబీలో ట్యూబులైటు కింద పెట్టి, రోజూ ఇద్దరు పోటీలు పడి నీళ్ళు పోశారు. మూడు వారాల్లో వేరు కుళ్ళింది. దాని మరణానికి గ్రూపులో నలభై మంది చేతులు జోడించారు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. చవితి ముందురోజు గాంధీ రోడ్డులో పత్రి కొనబోయినప్పుడు నవ్వు పోయింది.

కొండ కింద పల్లె నుంచి ఒక అవ్వ వస్తుంది, గోనెపట్ట పరుచుకొని కూర్చుంటుంది. ఇరవై ఒక్క పత్రీ దేనికది కట్టలు కట్టి ఉంటుంది. ‘భిన్నదంతాయ నమః’ అన్నప్పుడు వేయాల్సిన పదకొండో పత్రం మన విష్ణుక్రాంతే, అసలైనది ఆమె దగ్గర దొరుకుతుంది. మిగతా చోట్ల క్రోటన్ ముక్కలు కలిపి కట్టేస్తారు, మనం కళ్ళు మూసుకొని వేసేస్తాం. నా ముందు మా అధ్యక్షుడే నిలబడి ఉన్నాడు.

“గడ్డికి ఇరవై రూపాయలా? పది తీసుకో.”

“ఏం నాయినా, పోయినేడు మీ మిద్దెల పక్క ప్లాటులోనే కోసుకుంటి. ఈయేడు ఎవురో మందు కొట్టినారంట, అంతా మాడిపోయుండాది. ఇబుడు కొండ పక్కకు పోయి తెచ్చినా. ఇరవై ఇయ్యి సామీ.”

పది ఇచ్చి కట్ట తీసుకున్నాడు.

చచ్చిన కుండీకి మూడు వందల యాభై పోసినవాడు! మన ఊళ్ళో సిగ్గుకు మాత్రం మందు కొట్టకుండానే మొలక లేకుండా పోయింది. చదువురాని ఆ మనిషికి ఆకు నూగు చూస్తే పేరు తెలుసు, ఎప్పుడు పూస్తుందో తెలుసు, ఎంత కోస్తే మళ్ళీ చిగురిస్తుందో తెలుసు. ఆమెను అడగాలని ఐదుగురిలో ఒక్కడికీ తోచలేదు. పైగా ఆమె నోటికాడి కూడు మీద విషం చల్లించి, ఆమె దగ్గరే బేరం. ఆ మందు కొట్టింది పంతొమ్మిదేళ్ళ పిల్లాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతులకు గ్లవుజుల్లేవు, మూతికి తువ్వాలు. డబ్బా కారి వీపంతా తడిసింది. గ్లైఫోసేట్ అనే ఆ గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఇంకెవరూ కొట్టకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాట అంటే కోశాధికారి, “వాడికి అలవాటే సార్” అన్నాడు. విషం ఎవరికి అలవాటవుతుందిరా?

సరే. మందు కొట్టే ముందే నేను ఎండిన కాయలు కొన్ని ఏరి పెట్టుకున్నాను. మిరియం కంటే చిన్న కాయ, లోపల మహా అయితే నాలుగు గింజలు. అంతకు ముందు రెండు మొక్కలు పెరికి నాటి చూశాను, రెండూ చచ్చాయి. లోతుగా దిగిన వేరు తెగితే అది ఒప్పుకోదు. ఖాళీ పెయింటు బకెట్టుకు అడుగున బొక్కలు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, గులకరాళ్ళు పోసి, గింజలు చల్లి, మిద్దె మీద వాటర్ ట్యాంకు వెనక మిటమిటలాడే ఎండలో దాచాను. ఎరువు వేయలేదు. మట్టి బాగా ఎండితేనే నీళ్ళు. మధ్యలో పది రోజులు మరిచిపోయాను, బహుశా అదే దానికి నచ్చింది. ఇప్పుడు మూడు మొక్కలు. పొద్దున ఎనిమిదిన్నరకు ఆరు పూలు లెక్కపెట్టాను. కమిటీకి మిద్దె తాళం దొరకదు, ఆ తాళం ఎక్కడుందో నాకూ వాచ్‌మన్‌కూ తెలుసు.

కింద నోటీసు బోర్డు మీద కొత్తది పడింది: ‘గుర్తుతెలియని తెల్ల మొక్క’. నేను చూసొచ్చాను, తుమ్మి. తనిఖీ ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకే. రాని ఫ్లాటుకు వంద రూపాయల జరిమానా. ముందే కట్టేసి రసీదు తీసుకున్నాను.