సంక్రాంతికి రంగులు వద్దు, శివరాత్రి దాటనివ్వండి

డిసెంబర్ వచ్చిందంటే తిరుపతిలో పెయింటర్ దొరకడు. ఎయిర్ బైపాస్ రోడ్డులో గానీ, తిరుచానూరు రోడ్డులో గానీ, కరకంబాడి వైపు గానీ ఏ అపార్ట్‌మెంట్‌కు వెళ్లినా లిఫ్టు పక్కన రంగు డబ్బాలే కనిపిస్తాయి. సంక్రాంతికి కూతురూ అల్లుడూ వచ్చేలోపు ఇల్లు మెరిసిపోవాలని అందరి తొందర. ఆ ముచ్చట నాకూ ఉంది. కానీ మన ఊళ్లో ఫ్లాట్ లోపల రంగులు వేయించడానికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా తప్పు సమయం ఇంకోటి లేదు. శివరాత్రి దాటి, ఎండలకు గోడలు ఆరాక వేయించుకోవడమే మేలు.

మన వానల సంగతి తెలిసిందే. హైదరాబాద్‌లో దసరా దాటేసరికి వానలు తగ్గుముఖం పడతాయి. తిరుపతి, చిత్తూరు వైపు అసలు వానలు అప్పుడే మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తడిపి వదిలిపెడతాయి. 2021 నవంబర్‌లో వీధులు ఏరులైన రోజులు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. దసరా, దీపావళి అంటూ టీవీలో వచ్చే పెయింట్ ప్రకటనలు మన క్యాలెండర్ చూసి తీసినవి కావు. రెండు నెలలు నీళ్లు తాగిన గోడ పండక్కి పది రోజుల ముందు పైకి ఆరినట్టే ఉంటుంది. చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. తడి లోపలే ఉంది.

మరి పెద్దవాళ్లు సంక్రాంతికి ముందే వెల్ల వేయించేవారు కదా అని అడుగుతారు. నిజమే, వేయించేవారు. అయితే వాళ్లు వేయించింది సున్నం. సున్నం కొట్టే ముందు గోడ మీద నీళ్లు చల్లి తడిపేవారు, గుర్తుందా? సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకు దానికి కాస్త తేమ కావాలి. పైగా సున్నం పూత గుండా గోడలోని చెమ్మ మెల్లగా బయటికి పోతుంది. వానలు తగ్గుతుంటే, గోడలు ఇంకా పచ్చిగా ఉండగా సున్నం వేయడం తెలివైన పనే. ఇప్పుడు మనం వేస్తున్నది ఎమల్షన్. ఎండాక అది సన్నటి ప్లాస్టిక్ పొర. లోపలి తడి బయటికి పోవడానికి సున్నం ఇచ్చినంత దారి అది ఇవ్వదు. సున్నం పోయి ఎమల్షన్ వచ్చినా ముహూర్తం మాత్రం పాతదే పెట్టుకున్నాం. ఇంట్లో పొక్కుల గొడవ చాలావరకు ఇక్కడే మొదలవుతోంది.

మూడేళ్ల కిందట మేమూ ఇదే చేశాం. డిసెంబర్ చివర్లో ఒక కాంట్రాక్టర్ నాలుగు రోజుల్లో ఇల్లంతా పూర్తి చేసి డబ్బు తీసుకుని వెళ్లాడు. పండగ బాగా జరిగింది. ఉగాది నాటికి బాత్‌రూమ్‌ను ఆనుకుని ఉన్న బెడ్‌రూమ్ గోడ అప్పడంలా ఉబ్బింది. గోటితో నొక్కితే రంగు, లప్పం కలిసి అరచేయంత పెచ్చు ఊడింది. దాని వెనక తెల్లటి ఉప్పు, కింద నేల మీద పొడి.

తర్వాత వచ్చిన పెయింటర్ రంగుల పుస్తకం తెరవనే లేదు. స్క్రేపర్ పిడితో గోడంతా అడుగడుక్కీ తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల గట్టి చప్పుడు, కొన్నిచోట్ల డొల్ల. డొల్లగా పలికినచోటల్లా పెన్సిల్‌తో గుండ్రంగా గీశాడు. మూరెడు పాలిథిన్ కవరు తెమ్మని, నాలుగు వైపులా టేపు వేసి గోడకు అతికించాడు. మర్నాడు పొద్దున చూస్తే కవరు లోపల నీటి చుక్కలు. “గోడ ఇంకా తడిగానే ఉండాది సార్. ఎంత ఖరీదైన రంగేసినా నిలబడదు. ముందు బాత్‌రూమ్ టైల్స్ సందులు మూయించండి, మూడు వారాలు ఆగి పిలవండి” అని వెళ్లిపోయాడు. ఆ రోజు కూలి కూడా అడగలేదు. ఏప్రిల్ ఎండలు ఆ గోడను ఆరబెట్టాక వచ్చి లప్పం పెట్టాడు. బల్బును గోడకు ఆనించి అడ్డంగా పట్టుకుని, నీడ పడిన ప్రతి ఎత్తుపల్లాన్నీ మళ్లీ గీకాడు. ఆ గోడ ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు.

పెయింట్ కంపెనీల సర్వీసు మేలు కదా, సోఫాల మీద కవర్లు కప్పుతారు, దుమ్ము పీల్చే మెషీన్లతో గీకుతారు, చెప్పిన రోజుకు ముగిస్తారు అని కొందరంటారు. ఆఫీసులకు సెలవు దొరకని వాళ్లకు, చిన్నపిల్లలున్న ఇళ్లకు అది సౌకర్యమే. దుమ్ము పీల్చే మెషీన్‌ను నేనూ మెచ్చుకుంటాను. కానీ గోడ ఆరే టైమును ఆ మెషీన్ తగ్గించలేదు. తడి చూడకుండా తేదీ ఇచ్చేవాళ్లు కంపెనీ టీషర్టు వేసుకున్నా, వేసుకోకపోయినా ఒకటే.

అసలు బేరం దగ్గరే మనం తప్పు చేస్తున్నాం. ఏ కంపెనీ డబ్బా, కడిగినా పోని రంగా, మెరుపుందా అని గంటసేపు అడుగుతాం. కూలి దగ్గరికి వచ్చేసరికి చదరపు అడుక్కి రూపాయి తగ్గించమని పట్టుబడతాం. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్‌లో గోడలు, సీలింగ్ కలిపితే సుమారు మూడు వేల అడుగులు దాటుతుంది. రెండు చేతుల లప్పం, ఒక ప్రైమర్, రెండు చేతుల రంగు. అంటే ఒక మనిషి చెయ్యి పదిహేను వేల అడుగులు తిరగాలి. మధ్యలో గీకుడు వేరే. మనం తగ్గించిన రూపాయికి అతను తగ్గించగలిగింది ఆ గీకుడునూ, ఆరబెట్టే గంటలనూ మాత్రమే.

ఆ గీకుడు దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోందో కూడా చూడాలి. పెయింటర్ పనినే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. వాటిని పొడిగా గీకితే ఆ దుమ్ము పెయింటర్ పీలుస్తాడు, నేల మీద పాకే పసిపిల్లలూ పీలుస్తారు. తడిపి గీకించాలి, పెయింటర్‌కు మంచి మాస్క్ మనమే కొనివ్వాలి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఆ దుమ్మును ఆపదు.

చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం 2023 సెప్టెంబర్‌లో పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టి 18 వృత్తులను చేర్చింది. తాపీమేస్త్రీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, దర్జీ, రజకుడు, పూలదండలు కట్టేవారు ఉన్నారు. గోడలకు రంగులు వేసే పెయింటర్ లేడు. గోడను తట్టి లోపలి తడిని చెప్పగలిగిన మనిషి చేతిపనివాడు కాకపోతే ఇంకెవరు అవుతారు? ఇక భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు ఎక్కాలంటే వయసు 18 నుంచి 60 లోపు ఉండాలి, ఏడాదిలో 90 రోజులైనా ఆ పని చేసి ఉండాలి. ఇవాళ ఒక ఇల్లు, రేపు ఇంకో ఇల్లు తిరిగే పెయింటర్ ఆ 90 రోజులు ఎలా చూపించుకుంటాడు? మనమెవరం అతనికి ఒక్క చీటీ కూడా రాసివ్వం.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఈ ఒక్క పని మొదలుపెట్టవచ్చు. ఏ ఫ్లాట్‌లో ఎవరు ఎన్ని రోజులు రంగుల పని చేశారో గేటు దగ్గర రిజిస్టర్‌లో ఎలాగూ రాయిస్తున్నారు. అదే వివరాన్ని సంతకం, స్టాంపు వేసి అతని చేతిలో పెట్టాలి. వచ్చే శివరాత్రి దాటాక మా హాలు పని ఉంది. నేను మాట్లాడుకున్నది పన్నెండు రోజులకు. ఆ పన్నెండు రోజుల చీటీ రాసిస్తానని పెయింటర్‌కు ఇప్పుడే చెప్పాను.