తమరు వదిలిన 3 మిల్లీలీటర్ల గురించి

మహారాజశ్రీ స్మెక్టైట్ అనే బంకమన్ను ఖనిజం గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది.

తమరు క్షేమమేనని ప్రెస్ మీది ప్రెషర్ గేజ్ చూస్తేనే తెలుస్తోంది. ఇక్కడ నా సంగతే బాగాలేదు.

ఇవాళ భోజనం కూడా మానుకుని, రంధ్రాల్లో ఉన్న నీటి కోసం తమరిని పిండాను. సముద్రం అడుగున తవ్వి తీసిన మట్టి కోర్ ముక్క పైపొర శుభ్రంగా గీకి, టైటానియం గొట్టంలో కూరి, హైడ్రాలిక్ ప్రెస్ కింద పెట్టి, సిరంజి తగిలించి కూర్చున్నాను. 5 గంటలు నొక్కితే తమరు దయచేసింది 3 మిల్లీలీటర్లు. అందులోనే క్లోరైడ్‌కి కొంత, బోరాన్, లిథియంలకి కొంత, ఐసోటోపుల వాళ్లకి కొంత. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లు కూడా తమరి ముందు దానకర్ణులే.

సరే, ఆ చుక్కల్నే సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేట్ చేశాను. సముద్రపు నీటిలో క్లోరైడ్ లీటరుకు 559 మిల్లీమోల్స్ దాకా ఉంటుంది కదా, ఇందులో బాగా తక్కువ. ఒక్క క్షణం ఎగిరి గంతేశాను. ఎక్కడో లోతున, 60 నుంచి 150 డిగ్రీల వేడిలో, తమరు పొటాషియం పుచ్చుకుని ఇల్లైట్ అనే మరో ఖనిజంగా మారుతూ వదిలేసిన మంచినీరు ఫాల్ట్ (భూమిలోని పగులు) వెంట ఇంత దూరం ఎక్కి వచ్చిందని!

అంతలో తమరి అలవాటు గుర్తొచ్చింది.

తమరి పొరల మధ్య దాచుకున్న నీళ్లున్నాయి. ఆ గదుల్లోకి సోడియంకీ కాల్షియంకీ తలుపు తీస్తారు, క్లోరైడ్‌ని మాత్రం గడప తొక్కనివ్వరు. పొరలకే రుణావేశం, తోటి రుణావేశమంటే గిట్టదు. న్యాయమే. కానీ నేను ప్రెస్ బిగించేకొద్దీ ఆ ఉప్పులేని నీళ్లే మెల్లగా నా సిరంజిలోకి జార్చేస్తే, ఈ పలచదనం పాతాళానిదా, నా ప్రెస్ పుణ్యమా? తక్కువ నొక్కితే నీరు రాదు, ఎక్కువ నొక్కితే నిజం రాదు. అడిగితే నీళ్లు నములుతారు, అదీ నా నీళ్లే.

గ్యాస్‌ని బంధించిన మంచులాంటి గ్యాస్ హైడ్రేట్ కూడా ఇదే మోసం చేస్తుందనుకోండి. పైకి తెచ్చే దారిలో కరిగి మంచినీరు కలిపేస్తుంది. కాకపోతే అది కరిగిన చోట కోర్ చల్లబడి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకి దొరికిపోతుంది. దొంగతనంలోనూ కాస్త మర్యాద ఉంది దానికి.

తమరి శాతం కట్టి లెక్కలో సవరించుకోమంటారు పెద్దలు. శాతం తెలియాలంటే ఎక్స్‌రే కావాలి. అక్కడేమో గాలికి ఆరితే పొరల ఎడంతో 15 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కనిపిస్తారు, గ్లైకాల్ ఆవిరి తగిలితే 17కి ఉబ్బుతారు, 550 డిగ్రీల్లో కాలిస్తే 10కి కుంగి ఇల్లైట్ వేషం కడతారు. పోనీ నీటి శాతమైనా తేలుద్దామని 105 డిగ్రీల ఓవెన్‌లో పెడితే రంధ్రాల నీటితో పాటు పొరల నీరూ లేచిపోతుంది. రంధ్రాల పాలు చెప్పే పోరాసిటీ లేనిపోని ఎత్తుకి పెరిగి కూర్చుంటుంది.

ఇదేం కొత్త కాదు. జపాన్ పక్కన నాన్‌కాయ్ ట్రఫ్‌లో 1990లో 808వ సైట్ తవ్వినప్పుడు, భూమి పలకలు జారే పొర దగ్గర క్లోరైడ్ దాదాపు 20 శాతం తగ్గి కనిపించింది. ఆ నీరు అక్కడే పుట్టిందా, పక్కనుంచి పారి వచ్చిందా అని ఏళ్ల తరబడి జుట్లు పట్టుకున్నారు. తమరు మాత్రం తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయలేదు.

ఇంక ఈ గారూ తమరూ నావల్ల కాదు.

2011 మార్చి 11న జపాన్‌ని కుదిపిన భూకంపం సంగతి చెప్పు. ఆ మరుసటి ఏడాదే జపాన్ ట్రెంచ్‌లో దాదాపు 6,900 మీటర్ల నీటి కింద, ఇంకో 820 మీటర్ల లోతున ఆ ఫాల్ట్‌ని పట్టుకున్నారు. 5 మీటర్ల మందం కూడా లేని బంకమన్ను. అందులో ముప్పాతికకి పైగా నువ్వే! నా ప్రెస్ కింద 5 గంటలు బిగుసుకు కూర్చున్నదానివి, అక్కడ కొద్ది నిమిషాల్లో ఒక పలకని 50 మీటర్ల దాకా జారనిచ్చావు. అడ్డుపడాల్సిన చోట నున్నగా పక్కకి తప్పుకున్నావు, సముద్రం లేచి ఊళ్ల మీద పడింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నిన్ను చూస్తే తెలుస్తుంది.

రేపు పొద్దున ఎనిమిదింటికి ఇంకో కోర్ వస్తుంది. ఫిల్టర్లు కడిగి పెట్టాను. ఈసారి ఒత్తిడి పెంచిన ప్రతిసారీ సిరంజి మారుస్తాను. ఏ సిరంజి దగ్గర క్లోరైడ్ పడిపోతుందో చూస్తాను.

ఇది రాస్తుంటే ప్రెస్ కింద ఇంకో చుక్క జారింది. ఎవరి నీరో చెప్పవు కదా. సరే, సీసాలో పోసుకున్నాను.

ఇట్లు,
పిండీ పిండీ చేతులు పడిపోయిన
తమరి నీటి గుమాస్తా