కోటిన్నర మందికి వేలంపాట

ఉమ్మిని పరీక్షించి జన్యు వివరాలు చెప్పే, దివాలా తీసిన 23అండ్‌మీ కంపెనీ అమ్మకానికి అమెరికాలోని సెయింట్ లూయీ దివాలా కోర్టు 2025 జూన్ 27న సరేనంది. అమ్ముడుపోయిన ఆస్తి ఏమిటయ్యా అంటే, సుమారు కోటిన్నర మంది గొట్టాల్లో ఉమ్మి పంపగా తీసిపెట్టుకున్న జన్యు సమాచారం. పాట 30.5 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. తలకు 20 డాలర్లు! అదే మనిషి పరీక్ష కిట్టుకు మామూలుగా 99 డాలర్లో, అంతకు మించో ఎదురు చెల్లించాడు.

కొన్నది ఆ కంపెనీ సహ సంస్థాపకురాలు ఆన్ వోజ్‌సికీ నడిపే లాభాపేక్ష లేని సంస్థేననీ, వద్దనుకున్నవారు తమ వివరాలు చెరిపించుకోవచ్చనీ కొందరు సర్దిచెబుతున్నారు. కావచ్చు. మా భయం పాట పాడినవారి గురించి కాదు. మనుషుల జన్యువులను పాటకు పెట్టవచ్చని కోర్టు గడప మీద తేలిపోయింది. అదే ఏడాది మే నెలలో ఇదే సరుకు 25.6 కోట్ల డాలర్లకు రీజెనెరాన్ మందుల కంపెనీ చేతికి వెళ్లబోయి తప్పింది. రేపు మరో కంపెనీ మునిగితే పాడేదెవరు?

మనిషి జన్యువుల గుట్టు మనిషికే తెలియజేస్తామన్నది 2006లో ఈ సంస్థ చెప్పిన ఆశయం. అది బూటకమని మేము అనం. అయితే ఒకసారి పరీక్ష చేయించుకున్నవాడికి రెండోసారి రావలసిన పని లేదు. ఆ వ్యాపారంలో చివరికి మిగిలేది పోగైన సమాచారమే. సంస్థ దివాలా తీస్తే దాన్ని అమ్మవచ్చని గోప్యతా విధానంలో ఓ మూల ముందే రాసి ఉంది. ఎవరు చదివారు? ఇక అన్న ఉమ్మి ఇస్తే తమ్ముడి గుట్టూ బయటపడుతుంది, ఆ తమ్ముడి అనుమతి అడిగిన నాథుడు లేడు. 2023లో దొంగలు దాదాపు 14 వేల ఖాతాల్లో చొరబడి, బంధుత్వాల దారి పట్టుకుని 69 లక్షల మంది వివరాలు ఎత్తుకుపోయారు. రోగుల రికార్డులకు కాపలా కాసే అమెరికా చట్టం ఇలాంటి కంపెనీల జోలికే రాదు.

మనం మాత్రం ఏమి వెలగబెట్టాం? 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ అమ్మకం నాటికి అమలుకే రాలేదు. వచ్చినా ఆరోగ్య సమాచారానికి అందులో ప్రత్యేక రక్షణ లేదు. పైగా కోర్టో ట్రైబ్యునలో ఆమోదించిన విలీనాలకు, సంస్థల బదిలీలకు సమ్మతి, తొలగింపు నిబంధనల నుంచి 17వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేసింది. పాటకు పందిరి ముందే వేసి ఉంచారన్నమాట! పార్లమెంటు ఆ సెక్షన్‌ను సవరించాలి.

ప్రజాసేవ పేరుతో రక్తం, ఉమ్మి, నాడి లెక్కలు పోగుచేస్తున్న మన అంకుర సంస్థల సారథులకూ ఒక మాట. కంపెనీ మూతపడిన రోజు సమాచారం మొత్తం చెరిపేస్తామని మొదటి పెట్టుబడి తీసుకోకముందే ఒప్పందంలో రాయండి. పెట్టుబడిదారు కాదంటే ఆ డబ్బు వదులుకోండి. అదీ చేతకాకపోతే, గోడ మీద రాసుకున్న ఆశయాన్ని చెరిపేసి అక్కడ పాట ధర రాయండి.