జున్నుపాల మాత్రలు, దూడ బొమ్మ, మా పిన్ని

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. ముందు అక్క, తర్వాత కాలేజీ గ్రూపు, నిన్న అపార్ట్‌మెంట్ వాళ్లు రెండుసార్లు. "ఆవు జున్నుపాల గొట్టం మాత్రలు రోజుకు రెండు వేసుకోండి, వాటిలోని యాంటీబాడీలు మూత్రాశయానికి కాపలా కాస్తాయి, ఇక జన్మలో యూరిన్ ఇన్ఫెక్షన్ రాదు, యాంటీబయాటిక్స్ అక్కర్లేదు." పైన దూడ బొమ్మ.

సరే, దూడ సంగతే చూద్దాం. తల్లి కడుపులో ఉండగా దానికి యాంటీబాడీలు అందవు, అందుకే పుట్టగానే తాగే ముర్రుపాలే దిక్కు. దాని పేగు కూడా వాటిని ఒక్క రోజే నేరుగా రక్తంలోకి పోనిస్తుంది. మనం నలభై ఏళ్లకు మింగితే పప్పు అరిగినట్టే చాలావరకు అరిగిపోతాయి, మిగిలింది పేగులోనే ఉంటుంది. మూత్రాశయానికి ఏ బస్సెక్కి వెళ్తాయి?

"విదేశాల్లో రుజువైంది" అట. రుజువైంది పిల్లల రోటావైరస్ విరేచనాల మీద, అదీ ముందే టీకా వేసిన ఆవుల పాలతో. "సహజమైనది" అట. ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువగా తెచ్చే ఈ.కోలై బ్యాక్టీరియా కూడా సహజమే. "సైడ్ ఎఫెక్టులు లేవు" అట, పాల ఎలర్జీ ఉన్నవాళ్లకు చెప్పండి.

యాంటీబయాటిక్స్ అక్కర్లేదన్న ముక్కకే నాకు ఒళ్లు మండేది. పోయిన వేసవిలో మా పిన్ని, షుగర్ మనిషి, మంట మొదలైతే డాక్టర్ రాసిన కోర్సు పక్కన పెట్టి ఇవే వేసుకుంది. ఐదో రోజుకి నడుము పక్కన పోటు, వాంతులు, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది. ఆరు రోజులు ఆస్పత్రిలో సెలైన్, దిండు పక్కన నవ్వుతున్న ఆవు బొమ్మతో ఆ డబ్బా. మెసేజ్ పంపిన మహానుభావులకు బిల్లు కూడా ఫార్వర్డ్ చేయమంటారా?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పాలలో లాక్టోఫెర్రిన్ అనే ప్రోటీన్ ఉంది. మనుషుల లాక్టోఫెర్రిన్‌ను ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే కిడ్నీల్లో, మూత్రాశయంలో ఈ.కోలై తగ్గిందని 2000లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. నేను వెటకారం చేసిన బస్సు దానికి దొరికినట్టే ఉంది! కానీ అది ఎలుకల్లో, 24 గంటల ముచ్చట. దాన్ని పట్టుకుని మనిషికి జన్మంతా గ్యారంటీ ఇచ్చేస్తారా?

మనుషుల మీద చేసింది కావాలంటే, 2018లో వచ్చిన ట్రయల్ ఉంది. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్లు. రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు వచ్చింది, మిగతావాళ్లకు 3.2 సార్లు. పిన్ని ఇప్పుడు సీసాకు గీతలు పెట్టుకుని మరీ తాగుతోంది. ఆవు బొమ్మ డబ్బాలో మెంతులు పోసుకుంది.