పార్కిన్సన్స్ మాత్రకు వేళ తప్పితే

తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరిన పార్కిన్సన్స్ రోగి, ఆపరేషన్ బాగానే జరిగినా మూడో రోజుకు ఒళ్లు కొయ్యబారి మాట పెగలక పడి ఉంటే, బంధువులు ముందుగా ఎముకల డాక్టరునే అనుమానిస్తారు. ఆయన కంటే ముందు చూడాల్సింది మందుల చార్టు. ఇంట్లో ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6కు వేసుకునే లెవోడోపా (పార్కిన్సన్స్‌లో మెదడుకు కొరవడే డోపమైన్‌గా మారే మందు), వార్డులో అందరి మాత్రలతోపాటు 8, 2, 8కి మారిపోయి ఉండవచ్చు.

రక్తంలో ఈ మందు సుమారు గంటన్నరకే సగానికి తగ్గుతుంది. జబ్బు ముదిరిన మెదడు దాన్ని నిల్వ ఉంచుకోలేదు. గంట ఆలస్యమైతే పక్కకు తిరగడమే కాదు, గుటక వేయడమూ కష్టమే. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఒక్కసారిగా ఆపేస్తే తీవ్ర జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మన సర్పగంధి వేళ్లలో ఉండే రెసర్పిన్ ఇచ్చాక కదలకుండా పడిపోయిన జంతువులను ఎల్-డోపాతో (లెవోడోపాకే మరో పేరు) తిరిగి లేపి చూపించారు స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్, 1957లో. మెదడు కణాల మధ్య కబురు మోసేది డోపమైన్ అని తేల్చినందుకు 2000లో ఆయనకు నోబెల్ దక్కింది. ఆ కబురును మనం ఒక్క ఇంజెక్షన్‌తో ఆపేస్తున్నాం. వాంతికి అలవాటుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్, రాత్రి కలవరిస్తే ఇచ్చే హాలోపెరిడాల్ రెండూ డోపమైన్‌కు అడ్డుపడేవే.

అసలు వాంతి ఎందుకు? మందు మెదడు చేరకముందే డోపమైన్‌గా మారితే వాంతి వస్తుంది. అలా మారకుండా అదే మాత్రలో కలిపే కార్బిడోపా అడ్డుకోవాలి; అందుకు రోజుకు కనీసం 75 మిల్లీగ్రాములు పడాలి. వంద లెవోడోపా ఉండే ‘110’ మాత్రలో కార్బిడోపా పదే. మూడు వేసినా ముప్పయ్యే. పాతిక ఉండే ‘125’ మాత్రలు మూడైతే లెక్క సరిపోతుంది. ఈ తేడా మందుల షాపులో చిల్లర వ్యవహారంగా కనిపిస్తుంది గానీ, కాదు. ఉన్నది ఇచ్చి సర్దుకోమనడం కుదరదు.

పప్పు, గుడ్డు, పెరుగులోని మాంసకృత్తులు లోపలికెళ్లే దారిలో లెవోడోపాతో పోటీపడతాయి గనుక తిండికి అరగంట ముందు మాత్ర వేయాలి. ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడం కావాలి. ముక్కు గొట్టం వేసినవారికి నెమ్మదిగా కరిగే రకాన్ని నూరి పోయకూడదు.

గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లో ఇందుకు కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. అడ్మిషన్ రోజునే రోగి ఇంటి వేళలు చార్టులో ఎక్కాలి. ఇవ్వకూడని మందుల పేర్లు ఎర్ర సిరాతో పక్కనే ఉండాలి. తన మాత్ర తానే వేసుకోగల రోగి దగ్గర నుంచి ఆ డబ్బా లాక్కోకూడదు.