సవరణ: ప్రతి ప్రిపొజిషనల్ ఫ్రేజూ అడ్వర్బియల్ కాదు

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు హైస్కూలు పిల్లల కోసం ఇదివరకు పెట్టిన ఇంగ్లిష్ గ్రామర్ నోట్సులో "ప్రిపొజిషనల్ ఫ్రేజ్ అంటే అడ్వర్బియలే" అని ఉంది. ఆ వాక్యం కొట్టేసుకోండి. మొదటిది ఆకారానికి పేరు: ప్రిపొజిషన్ (ఎట్, ఫ్రమ్, ఇన్, ఆన్ లాంటి మాట), దాని వెనక నామవాచకం. రెండోది వాక్యంలో చేసే పనికి పేరు: క్రియ ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎందుకు జరిగిందో చెప్పడం.

"ద బస్ ఫ్రమ్ గుణుపూర్ స్టాప్స్ హియర్ ఎట్ నూన్" చూడండి. "ఎట్ నూన్" ఎప్పుడు ఆగుతుందో చెబుతోంది కాబట్టి అడ్వర్బియల్. "ఫ్రమ్ గుణుపూర్" ఏ బస్సో చెబుతోంది, అంతే. అనుమానం వస్తే నామవాచకం ఉన్న ముక్కంతా తీసి "ఇట్" పెట్టండి: "ఇట్ స్టాప్స్ హియర్ ఎట్ నూన్". బస్సుతో పాటు పోయింది బస్సుకు విశేషణం, మిగిలింది క్రియది.

"ఐ మెట్ ద టీచర్ ఇన్ పర్లాకిమిడి" మాత్రం రెండు విధాలా చెల్లుతుంది. "ఐ మెట్ హిమ్ ఇన్ పర్లాకిమిడి" అంటే కలిసింది అక్కడ. "ఐ మెట్ హిమ్" అని ఆగితే అక్కడి టీచర్ని, ఎక్కడైనా కలిసి ఉండొచ్చు. తెలుగులో "పర్లాకిమిడిలో", "పర్లాకిమిడిలోని" వేరు కాబట్టి ఈ చిక్కు లేదు.

అడ్వర్బియల్ తీసేసినా వాక్యం నిలుస్తుందన్నదీ అన్నిచోట్లా కుదరదు. "షీ పుట్ ద బుక్ ఆన్ ద టేబుల్"లో చివరి ముక్క తీస్తే వాక్యం కుంటుతుంది. "పుట్" చోటు అడుగుతుంది.

ప్రిపొజిషన్ లేని అడ్వర్బియల్సూ బోలెడు: స్లోలీ, ఎవ్రీ సండే, బికాజ్ ఇట్ రెయిన్డ్. "పోయిన సోమవారం నాడు" అనే అలవాటుతో "ఆన్ లాస్ట్ మండే" రాస్తే తప్పు. లాస్ట్, నెక్స్ట్, దిస్, ఎవ్రీలతో వచ్చే రోజులకు ముందు "ఆన్" రాదు.